చేదు లేని తేనె

పొద్దున్నే కాఫీ కన్నా ముందు ఆమెకు చెంచాడు తేనె అందుతుంది. అందించేది మామగారు. వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మడూ, నోరు తెరువు" అంటారు. ఊళ్లో సగం మందికి కారు నడపడం నేర్పిన మనిషి చంటిపిల్లలా నోరు తెరుస్తుంది. చెంచా శుభ్రంగా ఖాళీ అయిందో లేదో ఆయన వెలుతురుకు పెట్టి తిప్పి చూసుకుంటారు. చూసేవాళ్లకు ముచ్చటేసే దృశ్యమే. పక్కింటావిడ ఒకరోజు అరువు చక్కెర కోసం వచ్చి, ఇదంతా చూసి, "ఇలాంటి మామగారు నాకూ దొరికుంటే ఇంకో ఇద్దరిని కనేదాన్ని" అని నవ్వి మరీ వెళ్లింది.

ఆ తేనెలో ఆమె వేసుకోవాల్సిన మాత్ర ఉంటుంది, పొడి చేసి కలిపి. తన మాత్ర తన చేత్తో వేసుకోలేని గతి ఆమెకెందుకు పట్టిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

అమ్మడు అని పిలవడం మొదలుపెట్టింది మామగారే. ఆయన్ని చూసి వీధంతా అలాగే పిలుస్తుంది. ఆయనది గడియారాల మరమ్మతు. ఇంటి ముందు గదే దుకాణం. భార్య పోయాక ఆయన కాలమంతా ఆ గదిలోనే గడుస్తుంది. కంటికి భూతద్దం తగిలించుకుని నువ్వుగింజలో సగమున్న మరలను చిమటా అనే సన్నని పట్టకారుతో ఎత్తి పెడుతుంటే ఊపిరి కూడా అడిగి తీసుకుంటున్నట్టు ఉంటారు. కొడుకు లిఫ్టుల మెకానిక్. ఊళ్లో ఎక్కడ ఎవరు లిఫ్టులో ఇరుక్కుపోయినా అతనికే ఫోను. పరుగున వెళ్లి తలుపులు తెరిచి మనుషుల్ని బయటికి లాగుతాడు, వాళ్ల దండాలు అందుకుంటాడు. ఇంట్లో ఇరుక్కున్న మనిషి మాత్రం చాలాకాలం అతని కంట పడలేదు.

ఆమె డ్రైవింగ్ స్కూల్లో టీచరు. ఆ స్కూలు కార్లలో టీచరు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు స్టీరింగు పట్టుకుని లోకాన్ని జయించినట్టు పోతుంటే, ఆమె పక్కన నింపాదిగా కూర్చుని, గోడో గేదో ఎదురైనప్పుడు కాలు నొక్కుతుంది. ఎంత భయస్థుడైనా ఆమె పక్కన ఉంటే ధైర్యంగా నడిపేవాడని స్కూలు యజమాని చెప్పుకునేవాడు.

రెండేళ్ల క్రితం ఆమెకు జబ్బు చేసింది. జ్వరం కాదు, దెబ్బ కాదు. మొదట నిద్ర పోయింది, తరువాత ఆకలి పోయింది, ఆ తరువాత ఏ మాటా ఏ మనిషీ అక్కర్లేకుండా పోయింది. కుళాయి నీళ్లు రుచి మారాయని, ఎవరో ఏదో కలుపుతున్నారని అంది. ఎవరెంత చెప్పినా వినలేదు. చివరికి ఒక మధ్యాహ్నం ఇక బతకడం వద్దనుకుంది. గది తలుపును భుజంతో బద్దలు కొట్టి ఆమెను బతికించింది మామగారే. ఆ భుజం ఆయనకు ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు.

డాక్టరమ్మ దాన్ని డిప్రెషన్ అంది. మందు రాసింది. "ప్రస్తుతానికి మాత్రలు ఈమె చేతికివ్వకండి. ఇంట్లో ఒకరు దగ్గర పెట్టుకుని రోజుకొకటి ఇవ్వండి" అని చెప్పింది. అమ్మడు కూడా ఒప్పుకుంది. ఆ రోజుల్లో తన చేతుల్ని చూసి తనకే భయంగా ఉండేది. మామగారు ఆ మాత్రల అట్టల్ని దుకాణంలోని ఇనప్పెట్టెలో, జనం బాగుచేయడానికిచ్చిన ఖరీదైన గడియారాల పక్కన పెట్టి తాళం వేశారు. మందు పనిచేసింది. నిద్ర వచ్చింది, నవ్వు వచ్చింది, కారు పక్క సీటు మళ్లీ దక్కింది. 'ప్రస్తుతానికి' అన్న మాటను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆమె అడగలేదు. అడిగితే ఎందుకు అడుగుతోందా అని ఇద్దరు మగవాళ్లూ మొహమొహాలు చూసుకుంటారని తెలుసు.

ఇంతలో కడుపు పండింది. ముగ్గురూ కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. "మందు ఆపేద్దామా డాక్టరుగారూ? లోపల బిడ్డకేమైనా అయితే?" అని అడిగాడు భర్త.

"ఏ మందుకైనా ఎంతో కొంత ప్రమాదం ఉంటుంది. ఈ మందు విషయంలో అది చిన్నది" అంది డాక్టరమ్మ. "మందు మానేసి ఈమె మళ్లీ అప్పటిలా అయితే అది తల్లికీ బిడ్డకీ కూడా పెద్ద ప్రమాదం. రెండూ తూచి చూసే చెబుతున్నాను. ఆపొద్దు."

"చిన్నదంటే ఎంత చిన్నదండీ?" అన్నారు మామగారు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఆయన తల ఊపారు. అందరూ దాన్ని ఒప్పుకోవడమే అనుకున్నారు. కంటికి కనపడనంత నలుసు పడితే గడియారం ఆగిపోతుందని నమ్మి జీవితమంతా బతికిన మనిషికి చిన్నది అని చెబితే ధైర్యం వస్తుందా? ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

తరువాత వాంతులు మొదలయ్యాయి. పొద్దున్నే నోట్లో ఏది పెట్టినా వెనక్కే. మాత్ర కూడా అంతే, గొంతు దిగేలోపే తిరిగొచ్చేది. అప్పుడు మామగారే ఉపాయం కనిపెట్టారు. మాత్రను గడియారం అద్దం మీద పెట్టి స్క్రూడ్రైవరు పిడితో మెత్తగా నూరి, తేనెలో కలిపి నాకించారు. అది కడుపులో నిలిచింది. ఫోన్ చేసి కనుక్కుంటే, ఈ మాత్రను పొడి చేసినా పరవాలేదంది డాక్టరమ్మ. చేదంటే మామూలు చేదు కాదు, తేనెను కూడా ఓడించి నాలుక మొదట్లో తిష్ఠ వేసేది. అయినా అమ్మడు ఆ చేదును చూసి సంతోషించింది. లోపలికి వెళ్లిందని రుజువు అదొక్కటే కదా.

వాంతులు తగ్గాయి. తేనె అలవాటు మిగిలిపోయింది. అలవాటైన దాన్ని మానుకోవడానికి ఆ ఇంట్లో ఎవరికీ తొందర లేదు.

కడుపు కాస్త పైకి కనబడే వేళకు ఆమె మళ్లీ కుంగడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా కాదు. టైరులోంచి గాలి దిగుతున్నట్టు, ఎక్కడ పోతోందో తెలియకుండా. పొద్దున లేవగానే రోజంతా ఎలా గడపాలిరా భగవంతుడా అనిపించేది. నేర్చుకునే కుర్రది ఎదురుగా వస్తున్న లారీ వైపు కారు తిప్పితే, కాలు బ్రేకు మీద పడటానికి ఒక క్షణం ఆలస్యమైంది. ఏమీ కాలేదు. కానీ ఆ ఒక్క క్షణం ఆమెకు మాత్రం తెలుసు, కాలు ఎందుకు ఆగిందో. ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది. మర్నాడే అతను స్కూలు యజమానికి ఫోన్ చేసి, మా ఆవిడకు కాన్పయ్యేదాకా సెలవు కావాలన్నాడు. ఆమె మంచికే. ఏం చేసినా ఆమె మంచికే చేశారు, అక్కడే వచ్చింది చిక్కంతా. తిట్టి కొట్టే ఇల్లయితే తలుపు ధడాలున వేసి పోవచ్చు. కంటికి రెప్పలా చూసుకునే ఇంట్లోంచి ఎక్కడికి పోతావు, ఎవరితో ఏమని చెప్పుకుంటావు?

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. "మందు సరిగ్గా వేసుకుంటున్నారా?" అంటే, "రోజూ నాన్న దగ్గరుండి ఇస్తున్నాడండీ" అన్నాడు భర్త గర్వంగా. మామగారు గోడ మీది గడియారం వైపు చూస్తున్నారు. అది ఆలస్యంగా నడుస్తోందేమో. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో మార్పుల వల్ల ఒక్కోసారి మందు చాలకపోవచ్చంటూ డాక్టరమ్మ మోతాదు పెంచింది. ఇనప్పెట్టెలోకి కొత్త అట్టలు చేరాయి. మర్నాడు చెంచా వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ఆమె మాత్రం ఇంకా కిందికే పోతోంది.

తప్పు తనలోనే ఉందనుకుంది. పెంచిన మందు కూడా పట్టని ఒళ్లు ఇది, తల్లి కావడానికి పనికిరాని ఒళ్లు అనుకుంది. నోటికి రుచి కూడా పోయింది. పోయిన జబ్బులోనూ అంతే జరిగింది, ఏం తిన్నా మట్టి తిన్నట్టుండేది. ఇప్పుడు తేనెలో చేదు కూడా తెలియట్లేదు. జబ్బు బాగా ముదిరిందనడానికి ఇదే గుర్తని ఆమె తనకు తానే తేల్చి చెప్పుకుంది.

ఒక ఉదయం పక్కింటావిడ కమలాపళ్లు ఇచ్చి వెళ్లింది. తినాలని లేదు, కానీ చేతులు ఊరికే ఉండలేక ఒకటి వలిచింది. తొన నోట్లో వేసుకుని ఏదో ఆలోచిస్తూ గింజను కసుక్కున కొరికింది. మొహమంతా ముడుచుకుపోయింది. చేదు! నాలుక మొదలంటా పాకింది. లేచి వెళ్లి ఉమ్మేసి, నోరు పుక్కిలించి, మళ్లీ వచ్చి ఇంకో గింజను ఏరి మరీ నమిలింది. అదీ చేదే. నాలుక శుభ్రంగా పనిచేస్తోంది.

మరి తేనె సంగతేమిటి?

మర్నాడు చెంచా నోట్లోకి వచ్చాక మింగలేదు. మామగారు వెనక్కి తిరిగేదాకా తేనెను నాలుక మీద ఉంచుకుంది. తీపి. వట్టి తీపి. ఆ తీపి కరిగిపోయేదాకా నిలబడి చూసింది, అడుగున ఎక్కడా చేదు తగల్లేదు. కోపం రావాలి గానీ ముందు వచ్చింది భయం. ఎందుకంటే ఈ మాట బయటికి అంటే ఎలా వినిపిస్తుందో ఆమెకు తెలుసు.

అలాగే వినిపించింది. సాయంత్రం భర్త వచ్చి చొక్కా మార్చుకుంటుంటే చెప్పింది.

"ఏవండీ, తేనెలో మందు ఉండట్లేదు. మామయ్య కలపట్లేదనిపిస్తోంది."

అతను చొక్కా గుండీల మీదే చేతులు ఆపేశాడు. కోప్పడలేదు. మంచం మీద పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాడు. ఆ చేయి పట్టుకోవడంతోనే ఆమెకు విషయం అర్థమైపోయింది.

"పోయినసారి కుళాయి నీళ్ల గురించి కూడా ఇలాగే అన్నావు, గుర్తుందా?" అన్నాడు మెల్లగా.

"అది వేరు. ఇది నిజం."

"అప్పుడూ నిజమనే అన్నావు."

అప్పుడూ నిజమనే అంది. ఇంతే గట్టిగా అంది. గొంతు పెంచితే జబ్బు మాట్లాడుతోందంటారు, ఏడిస్తే జబ్బు ఏడుస్తోందంటారు, నోరు మూసుకుంటే కాస్త నెమ్మదించిందని సంబరపడతారు. ఏం చేసినా జబ్బు ఖాతాలోకే. అసలు తనే పొరబడుతోందేమో కూడా! కమలాపండు గింజను పట్టుకుని దేవుడిలాంటి మనిషి మీద నింద వేస్తోందేమో! ఆ అనుమానం ఒకసారి లోపలికి వచ్చాక ఇంక కుదురుగా కూర్చోనివ్వలేదు.

భర్త ఆమె మాట తీసెయ్యలేదనిపించుకోవడానికి తండ్రి దగ్గరికి వెళ్లి మాత్రల అట్ట తెమ్మన్నాడు. మామగారు ఇనప్పెట్టె తెరిచి తెచ్చి చూపించారు. అట్టలో ఎన్ని గూళ్లు ఖాళీగా ఉండాలో అన్నే ఖాళీగా ఉన్నాయి. "చూశావా?" అన్నాడు భర్త. చూసింది. మామగారు మాత్రం ఆమె వైపు చూడకుండానే పెట్టెకు తాళం వేసి వెళ్లిపోయారు.

మర్నాడు ఆమె నేరుగా దుకాణంలోకి వెళ్లింది. గోడ గడియారం ఒకటి ఒళ్లో పెట్టుకుని ఎవరో పెద్దమనిషి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. మామగారు భూతద్దం కంటికి తగిలించుకుని చిమటాతో ఒక మర ఎత్తుతున్నారు.

"మామయ్యా, తేనెలో మందు కలుపుతున్నారా?"

"కలపకేంటమ్మా" అన్నారు ఆయన తల ఎత్తకుండా.

"చేదు తగలట్లేదు."

"ఒంట్లో బాగోనప్పుడు రుచులు మారతాయమ్మడూ."

చిమటాలోంచి మర జారి నేల మీద పడింది. ఆయన అరచేతిలో ఎన్నో ఏళ్లు మరలు తిరిగాయి, ఒక్కటి జారడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆయన కుర్చీ దిగి, మోకాళ్ల మీద వంగి బల్ల కింద వెతకసాగారు. పెద్దమనిషి కూడా గడియారం పక్కన పెట్టి వెతకడానికి వంగాడు. మర ఆమె చెప్పు పక్కనే మెరుస్తోంది, ఆమెకు కనిపిస్తూనే ఉంది. ఆయనకు కనిపించలేదో, పైకి లేచి ఆమె మొహం చూడటం ఇష్టంలేక అక్కడే ఉన్నారో, చాలాసేపు బల్ల కిందే ఉండిపోయారు. ఆమె మర తీసి బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఇక సందేహం లేదు. కానీ సందేహం తీరినంత మాత్రాన దారి తెరుచుకోలేదు. పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఎత్తే అమ్మాయి "మీ వారిని మాట్లాడమనండి మేడమ్" అంది. అది కూడా ఆమె ఫైలు మీద రెండేళ్ల క్రితం రాసిపెట్టిన జాగ్రత్తే. మందుల దుకాణానికి వెళ్దామంటే చీటీ భర్త పర్సులో ఉంది. ఊరంతా కారు తిప్పిన మనిషికి ఇంటి గుమ్మం నుంచి ఎక్కడికి పోవాలో తోచలేదు. గుమ్మంలోనే కూర్చుంది. వీధిలో తన పాత విద్యార్థిని ఒకావిడ కారు నడుపుకుంటూ పోతూ, హారన్ కొట్టి చేయి ఊపింది. అమ్మడు కూడా చేయి ఊపింది.

ఆ తరువాత రోజులు ఎలా గడిచాయో ఆమెకు సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నది ఒక ఉదయం. బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కింది. బట్టలు బకెట్లోనే ఉన్నాయి. తను పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు, గోడ అంచుకు ఆన్చిన అరచేతుల మీద గరుకు గుర్తులు పడ్డాయి. కింద వీధిలో పాలవాడు సైకిలు దిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వాడు అడ్డంగా ఉన్నాడే అనుకుంది. అలా అనుకున్నందుకు ఉలిక్కిపడి, చేతులు వెనక్కి తీసేసుకుని, మెట్ల మీద కూర్చుంటూ కూర్చుంటూ కిందికి దిగింది. వంటింట్లోకి పోలేదు, గదిలోకి పోలేదు. నేరుగా దుకాణంలోకి వెళ్లి జనం కూర్చునే స్టూలు మీద కూర్చుంది.

"మామయ్యా, నన్ను ఒంటరిగా వదలకండి" అంది. "డాబా మీద నాకు మంచి ఆలోచనలు రాలేదు."

ఆయన భూతద్దం తీసేశారు. కన్ను చుట్టూ ఎర్రగా గుండ్రటి గుర్తు. తరువాత లేచి దుకాణం తలుపులు మూసేశారు. పట్టపగలు, భార్య పోయిన రోజున తప్ప ఎప్పుడూ మూయని తలుపులు. లోపల గోడల మీది గడియారాల చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది.

"మందు లేదమ్మా" అన్నారు. "తేనెలో మందు లేదు."

పిచ్చి కాదు. తనకు పట్టింది పిచ్చి కాదు. ఈ మనిషి మీద కోపం రావడానికి ముందు ఆ సంతోషమే వచ్చింది.

"ఒక్కసారిగా ఆపలేదు. ఆపితే ప్రమాదమని చెప్పారుగా. రోజూ వెంట్రుకవాసి తగ్గించుకుంటూ వచ్చాను" అన్నారు ఆయన. "వేగంగా పరిగెడుతున్న గడియారాన్ని దారిలో పెట్టాలంటే అంతే చెయ్యాలి. ఒక్కసారి తిప్పకూడదు. ఇంత సన్నగా తగ్గిస్తే నీ ఒంటికి తెలియకుండా మందు దిగిపోతుంది, బిడ్డ శుభ్రంగా పుడుతుంది అనుకున్నాను. మిగిలిన పొడి సింకులో కడిగేశాను."

"ఎందుకు మామయ్యా?"

ఆయన చేతులు బల్ల మీద మరల పెట్టెను ఊరికే సర్దాయి. "మీ అత్తయ్య రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు తలనొప్పి తలనొప్పి అని ఏడిస్తే మాత్రలు నేనే తెచ్చిచ్చాను. పాప పుట్టింది. నెల తిరక్కుండానే పోయింది. మాత్రల వల్లే పోయిందని ఎవరూ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. ఆవిడ చచ్చేదాకా నన్ను ఒక్క మాట అనలేదమ్మా. అన్నా బాగుండేది."

అమ్మడికి ఆయన్ని చూస్తే జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. తను మునిగిపోతుంటే, ముంచిన మనిషిని ఓదార్చాల్సి రావడమేమిటి?

"రేపటి నుంచి పూర్తిగా ఇస్తాను. ఒట్టు" అన్నారు మామగారు. "పెంచిన మోతాదు ఒక్కసారి వద్దులే. ముందు పావు వంతు, తరువాత సగం... నేను చూసుకుంటాను. వాడికి మాత్రం చెప్పకమ్మా. వాడు మళ్లీ నా మొహం చూడడు."

"మళ్లీ మీరే కొలుస్తారా?"

ఆ ఒక్క మాట ఎంత గట్టిగా వచ్చిందంటే ఆయన కుర్చీలో వెనక్కి జరిగారు. చాలాకాలానికి వచ్చిన కోపం అది, తన సొంత కోపం, జబ్బుది కాదు. "డాక్టరుగారు నాకు మందు పెంచారు, నేను అసలు వేసుకోని మందును. మీరు అక్కడే కూర్చుని గడియారం చూస్తున్నారు. ఇప్పుడే వెళ్దాం. మీ అబ్బాయికి ఫోన్ చెయ్యండి. చెప్పాల్సింది నేను కాదు. ఆ గదిలో నా మాటకు విలువ లేదు. మీరు చెప్పాలి."

మామగారు ఫోన్ చేశారు. కానీ ఫోన్లో చెప్పిందల్లా "అమ్మడికి బాగోలేదు, రా" అని మాత్రమే.

భర్త పరుగున వచ్చాడు. కారు అతనే నడిపాడు. మామగారు ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో. దారిలో ప్రతి మలుపు దగ్గరా ఆమె కుడికాలు నేలను నొక్కుతూనే ఉంది, అక్కడ బ్రేకు లేదని తెలిసి కూడా. అద్దంలో మామగారి మొహం సగం కనబడుతోంది. పెదవులు కదులుతున్నాయి. చెప్పాల్సింది కూడబలుక్కుంటున్నారో, చెప్పకుండా తప్పించుకోవడానికి ఏదైనా వెతుక్కుంటున్నారో ఆమె పోల్చుకోలేకపోయింది. ఈయన నోరు మెదపకపోతే ఏమిటి? మోతాదు ఇంకా పెంచుతారు, చెంచా మళ్లీ వస్తుంది, తను నోరు తెరుస్తుంది. పాలవాడు ప్రతిరోజూ అడ్డంగా నిలబడి ఉండడు.

డాక్టరమ్మ ఆమె మొహం చూడగానే చేతిలో పని పక్కన పెట్టింది. భర్తే మొదలుపెట్టాడు. "మందు క్రమం తప్పకుండా ఇస్తున్నామండీ. అయినా నయం కావట్లేదు. పైగా మళ్లీ అనుమానాలు మొదలయ్యాయి. నాన్న మందు ఇవ్వట్లేదంటోంది."

డాక్టరమ్మ మామగారి వైపు తిరిగింది. "ఇచ్చేది మీరేనా?"

ఆయన మోకాళ్ల మీద అరచేతులు బోర్లించి కూర్చున్నారు. భర్త "చెప్పు నాన్నా" అన్నాడు, పిల్లవాడిని పాఠం అప్పజెప్పమన్నట్టు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. అమ్మడు ఆయన వైపు చూడలేదు. చూస్తే బతిమాలినట్టవుతుందని నేల వైపే చూస్తూ కూర్చుంది.

"అమ్మాయి అబద్ధం చెప్పట్లేదండీ" అన్నారు మామగారు.

తరువాత అంతా చెప్పారు. అద్దం మీద నూరడం, వెంట్రుకవాసి తగ్గించడం, సింకులో కడగడం, అన్నీ. చెబుతూ చెబుతూ వేళ్లతో ఎంతెంత తగ్గించారో కూడా చూపించారు. ఆ వేళ్ల పనితనం చూసి ఆ స్థితిలో కూడా అమ్మడికి నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. భర్త లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వీపు ఒక్కటే కనబడుతోంది. "సారీ" అన్నాడు ఆ వీపుతోనే. ఎవరితో అన్నాడో ఎవరూ అడగలేదు.

డాక్టరమ్మ కేకలు వేయలేదు. ఆమె చేయి తన చేతిలోకి తీసుకుని, "మీకు మందు పట్టకపోవడం కాదు, మందు అందలేదు. అంతే" అంది. మళ్లీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలని, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందని, అప్పటిదాకా ఆమెను ఒక్క గడియ కూడా ఒంటరిగా వదలొద్దని, డాబా తలుపుకు తాళం వేయమని చెప్పింది. అవసరమైతే ఆసుపత్రిలోనే ఉండవచ్చంది. ఇంకో తాళం, ఇంకొన్ని వారాలు. అమ్మడు అన్నీ విని తల ఊపింది.

"ఇక మందు ఎవరి దగ్గర ఉంచుదాం?" అంది డాక్టరమ్మ. ఈసారి అడిగింది ఆమెనే.

రెండేళ్లుగా ఆమె ఎదురుచూసిన ప్రశ్న అది. 'నా దగ్గరే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. ఇద్దరు మగవాళ్లూ తలలు దించుకుని ఉన్నారు, ఏమన్నా ఒప్పుకుంటారు. కానీ పిట్టగోడ గరుకు ఇంకా అరచేతుల్లో ఉంది.

"నా దగ్గర వద్దండీ" అంది. ఆ మాట అంటుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నేను పెట్టుకుంటాను" అన్నాడు భర్త కిటికీ దగ్గర్నుంచి. "నాన్న చేతికి ఇక ఇవ్వం."

"మామయ్య దగ్గరే ఉండనివ్వండి."

మామగారు చేతులు వెనక్కి లాక్కున్నారు. "వద్దమ్మా. నాకొద్దు. నా చేతికి వద్దు."

"మీరు కాకపోతే ఎవరు మామయ్యా?" అంది ఆమె. "ఈయన నా మాట నమ్మలేదు. నన్ను నేనే నమ్ముకోలేకపోతున్నాను. ఇది లేకపోతే ఏమవుతుందో మన ముగ్గురిలో కళ్లారా చూసింది మీరొక్కరే, రెండుసార్లు. తేనె వద్దు. పొడి వద్దు. మాత్రను నా కళ్ల ముందే అట్టలోంచి తీసి ఇవ్వండి. కక్కుకుంటే డాక్టరుగారికి ఫోన్ చేయండి. మీరు మాత్రం కొలవకండి."

డాక్టరమ్మ సొరుగులోంచి మాత్రల అట్ట తీసి, కాసేపు పట్టుకుని, బల్ల మీదుగా మామగారి ముందుకు జరిపింది. ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకున్నారు.

"భయంగా ఉందమ్మా" అన్నారు.

"ఉండనివ్వండి మామయ్యా" అంది ఆమె. "నాకు రోజూ ఉంటుంది."